సముద్రం లేని దేశానికి నా ఓడ ప్రయాణం

కొత్తగా చేరే సోషల్ మాస్టర్లకు

నేను ఆరు ఖండాలు ఏలిన మనిషిని. ఏడోది అంటార్కిటికా. అక్కడ బడి లేదు గనుక వదిలేశాను. నైలు నదిని తెచ్చి చర్ల అడవుల్లో పారించాను. సహారా ఎడారిని నడి వానాకాలంలో, కారుతున్న పెంకుల కింద నిలబడి, పిల్లలకు దాహం వేసేటట్టు చెప్పాను. ఒక ఏడు బడి దారిలో వాగు పొంగితే, గ్లోబు నెత్తిన పెట్టుకొని, మెడలోతు నీళ్లకు ఎదురీది బడికి చేరాను.

ఇక ఒప్పుకుంటున్నాను. నీళ్లు మోకాలి దాకే. నాకు ఈత రాదు. గ్లోబు మోసింది హాస్టలు వంటమనిషి. నేను మోసింది నా చెప్పులు.

మాది బోనకల్ దగ్గర. ఉద్యోగంలో ఎక్కువ భాగం భద్రాచలం అవతలి గిరిజన పిల్లల ఆశ్రమ పాఠశాలల్లో గడిచింది. ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తారు. ప్రమోషన్ ఎప్పుడొస్తుంది, ట్రాన్స్‌ఫర్ ఎట్లా పెట్టుకోవాలి అని అడుగుతారు. అవి ఆఫీసులో గుమస్తాను అడగండి. నాకంటే బాగా చెప్తాడు, టీ కూడా మీ డబ్బుతోనే తాగుతాడు. పాఠం చెప్పడం అంటే ఏమిటో, చెప్పిన పాఠం బడి గేటు దాటి ఎంత దూరం పోతుందో, అది మాత్రం నన్ను అడగండి. ఒక్క పాఠం సంగతి చెప్తాను. దక్షిణ అమెరికా.

పటాన్ని నేల మీద పరచండి

ముందు పని సంగతి. పటాన్ని గోడకు వేలాడదీసి పాఠం చెప్పకండి. గోడకు వేలాడదీస్తే ఉత్తరం ఆకాశంలో ఉంటుందనుకుంటారు పిల్లలు. గోదావరి తూర్పుకు ఎందుకు పారుతుంది అని పరీక్షలో అడిగితే, 'కుడి చెయ్యి దిక్కు పల్లం కాబట్టి' అని రాశాడు నా విద్యార్థి ఒకడు. తప్పు వాడిది కాదు, మేకుది. పటాన్ని నేల మీద పరిచి, దాని ఉత్తరాన్ని అసలు ఉత్తరానికి తిప్పి, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టండి. అప్పుడు హైదరాబాదు ఏ దిక్కున ఉందో వాళ్లే చెయ్యి చాపి చూపిస్తారు.

అప్పట్లో నేను పనిచేసిన బడి వెనక ఒక వాగు. వాగుకు ఇటు ఒక గూడెం, అటు ఒక గూడెం. రెండింట్లోనూ కోయవాళ్లే. పిల్లనిచ్చి పుచ్చుకున్నవాళ్లు. ఇటు మన రాష్ట్రం, అప్పటికింకా ఉమ్మడిది. అటు మధ్యప్రదేశ్. ఆ ఒడ్డున దగ్గర్లో పై తరగతుల బడి లేదు. అందుకని అక్కడి పిల్లలు కూడా మా హాస్టల్లోనే ఉండి చదువుకునేవాళ్లు. ఏ రాష్ట్రం పిల్లలని ఎవరూ అడగలేదు. వాళ్ల మేనమామలు ఈ ఒడ్డున ఉన్నారు, అది చాలింది.

రెండు వేల సంవత్సరంలో మధ్యప్రదేశ్‌ను చీల్చి ఛత్తీస్‌గఢ్ చేశారు. కొత్త పటం వచ్చేదాకా ఆగలేక, పాత పటం మీద పెన్నుతో గీత కొట్టి కొత్త పేరు రాశాను. ఆ ఒడ్డు నుంచి వచ్చే జోగమ్మ అప్పుడు ఆరో తరగతి. పటం మీదికి వంగి అడిగింది.

"సారూ, మా ఊరు జరిగిందా?"

"ఊరు జరగలేదమ్మా. పేరు మారింది."

"మా తాతకు తెల్వదు."

"సెలవులకు పోయినప్పుడు చెప్పు."

"చెప్తే కొడతడు. మనం యాడికీ పోలే, గట్లెట్ల మారుతది అంటడు."

జోగమ్మ తాత పేరు ఉంగయ్య. ఆ ఒడ్డు గూడేనికి పెద్ద. ఆ మనిషి ముందు నేను నిలబడే రోజు వస్తుందని అప్పటికి తెలియదు.

బొలీవియా ఏడ్చింది

ఖండాలన్నింటిలో నాకు దక్షిణ అమెరికా అంటే ఇష్టం. పటం చూస్తే మామిడి టెంకలాగా ఉంటుంది. పడమటి అంచున పైనుంచి కింది దాకా ఆండీస్ కొండలు. నడుమ అమెజాన్ అడవి. బ్రెజిల్ అందరికీ పొరుగే. చిలీ, ఈక్వడార్ తప్ప అక్కడి మిగతా వాళ్లందరితో దానికి గట్టు ఉంది. గట్టు ఉన్నచోట తగవు ఉంటుంది. బ్రెజిల్‌కూ పరాగ్వేకూ హద్దులో ఒక జలపాతం దగ్గర తగవు వచ్చింది. చివరికి రెండు దేశాలూ కలిసి కింద ఆనకట్ట కట్టాయి. జలపాతం మునిగింది, దానితో తగవూ మునిగింది. కరెంటు చెరి సగం. పిల్లలకు ఇది చెప్పి చూడండి. తగవును నీళ్లలో ముంచారంటే కళ్లు పెద్దవి చేస్తారు.

నేను ముగ్గుపిండితో గ్రౌండులో ఖండం గీసి, ఒక్కో దేశంలో ఒక్కో పిల్లనో పిల్లవాడినో నిలబెట్టేవాణ్ని. సముద్రం ఉన్న దేశాలు సరుకు ఓడ ఎక్కించాలి, లేని దేశాలు పొరుగువాణ్ని దారి అడగాలి. ఎవరు ఎవరిని ఎట్లా అడుగుతారో చూడటమే పాఠం. జోగమ్మకు బొలీవియా వచ్చింది. చుట్టూ చూసుకుంది. పెరూ పిల్లవాడు సముద్రంలో కాళ్లు పెట్టి ఎగురుతున్నాడు. చిలీ పిల్లకు పొడుగునా సముద్రమే.

"నాకే లేదేంది సారూ?" అని ఏడుపు మొదలుపెట్టింది.

ఒకప్పుడు ఉండేదని, యుద్ధంలో పోయిందని చెప్పాను. ఏడుపు పెరిగింది. అప్పుడు పెరూకూ బొలీవియాకూ నడుమ ఒక నీలం గుండ్రం గీశాను. టిటికాకా సరస్సు. కొండల మీద, మేఘాలకు దగ్గరగా ఉంటుంది. హద్దు గీత దాని నడుమ నుంచే పోతుంది. అయినా రెండు దేశాలవాళ్లూ నీళ్ల సంగతి కలిసే చూసుకుంటారు. నీళ్ల మీద రెల్లుతో తేలే దిబ్బలు కట్టుకొని, వాటి మీద ఇళ్లు వేసుకునేవాళ్లు ఉన్నారు. సముద్రం పోయినా బొలీవియా తన నౌకాదళాన్ని వదులుకోలేదు, ఆ సరస్సులో తిప్పుతుంది. ఇదంతా నిజం. ఇంతటితో ఆగి ఉంటే నేను మంచి మాస్టర్ని.

జోగమ్మ ముక్కు తుడుచుకొని, "నిజంగ ఉన్నదా సారూ గా చెరువు?" అంది.

"ఉంది. నేను చూసొచ్చాను."

"ఎట్ల పోయినవ్?"

"ఓడలో."

ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. పిల్ల ఏడుపు మాత్రం ఆగింది. ఆ తరువాత ఏడాదంతా నా ప్రయాణం పెరుగుతూ పోయింది. రెల్లు పడవ ఎక్కాను. లామా అనే జంతువు నా అంగీ నమిలింది. కొండ మీద గాలి అందక పడిపోతే ఒక ముసలమ్మ నన్ను లేపి కషాయం పోసింది. సోమవారం ఒకటి, శనివారం ఒకటి. పిల్లలు ఇళ్లకు పోయి చెప్పారు. సంతలో జనం నన్ను చూసి, 'గా దేశం పోయొచ్చిన సారు' అనుకునేవాళ్లు. నేను నడక కొంచెం మార్చాను.

మా హెడ్‌మాస్టరుది మధిర. నెమ్మదైన మనిషి. పిల్లలు తిన్నారా లేదా అన్నదొక్కటే ఆయన పట్టింపు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"మాస్టారూ, మీ అబద్ధాలు పిల్లలకి గుర్తుంటన్నాయండీ. నా నిజాలు ఒక్కడికీ గుర్తుండవు."

"మెచ్చుకోలా సార్?"

"భయంతో చెబుతున్నానండీ. గుర్తుండేదేగా కాలికి అడ్డం పడేది."

నేను నవ్వేసి వచ్చాను. మంచి పై అధికారి మాట నవ్వేసి రావడం మన వృత్తిలో అందరూ చేసే పొరపాటే. మీరూ చేస్తారు.

ఉత్తరాన ఏముంది?

చలికాలంలో తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. పేరెందుకు, చెడ్డవాడు కాదు. భద్రాచలం నుంచి జీపులో నడుం విరిగేటట్టు వచ్చాడు. తరగతిలోకి వచ్చి జోగమ్మను లేపాడు.

"మన రాష్ట్రానికి ఉత్తరాన ఏముంది?"

జోగమ్మ కిటికీలోంచి వాగు దిక్కు చూసింది. "మా ఇల్లు సార్."

పిల్లలెవరూ నవ్వలేదు. వాళ్లకు అది సరైన జవాబే. అధికారి నా వైపు తిరిగాడు.

"పక్క రాష్ట్రం పేరు తెలియని పిల్లలకు ఖండాలు చెప్తున్నారా మీరు? హద్దు అంటే ఏమిటో ముందు నేర్పండి."

పిల్లల ముందు అన్నాడు. బొలీవియా చూసొచ్చిన మనిషిని అన్నాడు. నాకు చెవులు కాలిపోయాయి. ఈ రోజు ఆలోచిస్తే, ఆ పిల్ల చెప్పినంత మంచి జవాబు నా తరగతిలో అంతకుముందు ఎవరూ చెప్పలేదు. 'అవును సార్, ఆ ఇంటి పైన ఇంకా ఏమున్నాయో కూడా అడగండి' అనాల్సింది. అనలేదు. నేర్పుతాను సార్ అన్నాను.

మర్నాడే తరగతిని వాగుకు తీసుకుపోయాను. చేంతాడు ఒకటి, వెదురు గుంజలు కొన్ని మోయించాను. అక్కడ వాగు మలుపులో ఒక మడుగు ఉంది. ఎంత ఎండాకాలమైనా అందులో నీళ్లుంటాయి. తాడును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పట్టించి, సగానికి మడిచి, సరిగ్గా నడుమ గుంజ పాతాను. అట్లా మడుగు పొడుగునా పాతుకుంటూ పోయాను. వాగు నడుమ గీత, ఇటు మనది, అటు వాళ్లది. అంగుళం తేడా లేకుండా కొలిచానని ఆ సాయంత్రం స్టాఫ్‌రూములో చెప్పాను.

ఇదిగో నిజం. తాడుతో కొలిచింది ఒక్క గుంజకే. మిగతావి చూపుతో వేశాను. మడుగు లోతంతా మా ఒడ్డు బండ కింద ఉంది. నాకు ఈత రాదని చెప్పాను కదా. లోతుకు పోకుండా, ఆ ఒడ్డు ఇసుక పక్క మోకాలి నీళ్లలో నడుస్తూ పాతాను. దాంతో గుంజల వరస ఆ ఒడ్డుకు దగ్గరగా పడింది. లోతు మొత్తం మన రాష్ట్రంలోకి వచ్చేసింది. రాష్ట్రాన్ని అంత పెంచిన సోషల్ మాస్టరు మరొకరు లేరు. అసలు హద్దు వాగు నడుమనే ఉందో, ఒడ్డునే ఉందో కూడా నాకు తెలియదు. ఆ సర్వే పటం నేను ఎన్నడూ చూడలేదు.

అన్నం గంట కొట్టారు. పిల్లలు పరుగెత్తారు. తాడు చుట్టుకొని నేనూ వచ్చేశాను. గుంజలు అట్లాగే ఉండిపోయాయి.

ఖాళీ చోట్లు

ఎండాకాలం సెలవులకు బోనకల్ పోయి, జూన్‌లో తిరిగొచ్చాను. బడి తెరిచారు. ఏడో తరగతిలోకి పోతే సగం గది ఖాళీ. జోగమ్మ లేదు. ఆ ఒడ్డు పిల్లలు ఒక్కరూ లేరు. పెట్టెలు పెట్టుకునే మూలలో ఎలుక తిరుగుతోంది.

హెడ్‌మాస్టర్ని అడిగితే, "మడుగు కాడికి వెళ్లి చూసి రండి మాస్టారూ" అన్నాడు.

పోయి చూశాను. నా గుంజలకు వెదురు తడికలు కట్టి ఉన్నాయి. మడుగు రెండు ముక్కలైంది. బండ మీద మా ఒడ్డు పెద్ద ముత్తయ్య కూర్చొని చుట్ట తాగుతున్నాడు.

"ఏంది ముత్తయ్యా ఇది?"

"నన్నడుగుతవేంది సారూ? నువ్వు పాతినయే గద."

అప్పుడు చెప్పాడు. ఆ మడుగుకు ఒక కట్టుబాటు ఉంది. వాగు ఎండి మడుగు మిగిలాక, రెండు ఒడ్ల పెద్దలూ కూర్చొని ఒక రోజు పెడతారు. ఆ రోజు దాకా ఎవరూ వల వేయరు. ఆ రోజు రెండు గూడేలూ ఒక్కసారే నీళ్లలో దిగుతాయి. దొరికిన చేపలన్నీ ఇసుకలో కుప్పలు పోసి ఇంటికొక వాటా వేస్తారు. దిగలేని ముసలివాళ్ల ఇంటికీ వాటా ఉంటుంది. ఈ ఏడు మా ఒడ్డు కుర్రవాళ్లు రోజు పెట్టకముందే దిగారు. గుంజలకు తడికలు కట్టి, లోతు నుంచి చేప అటు పోకుండా చేసి, కొర్రమట్టలన్నీ పట్టుకున్నారు. ఆ ఒడ్డువాళ్లు వచ్చేసరికి వాళ్ల వైపు మోకాలి నీళ్లు, వేలెడంత పరక చేపలు.

"నువ్వు ఆపలేదా?"

"ఆపిన. సారు కొలిచి పెట్టిండు, సర్కారు హద్దు, కొత్త రాష్ట్రమైంది అన్నరు. చదువుకున్న పోరగాండ్లు. నీ దగ్గర చదువుకున్నోళ్లే."

"ఉంగయ్య ఏమన్నాడు?"

ముత్తయ్య చుట్ట ఆర్పాడు. "అగో, గా ఇసుకల నిలబడ్డడు. సారు పెట్టిన హద్దు బాగనే ఉన్నది, మా పిల్లలు గూడ మా హద్దుల్నే ఉంటరు అన్నడు. జోగమ్మ ఏడ్సుకుంట పోయింది."

ఆకాశం అప్పటికే మబ్బు పట్టింది. మొదటి వాన పడి వాగు నిండిందంటే నెలల తరబడి రాకపోకలు ఉండవు. పిల్లలు హాస్టలుకు చేరాలంటే ఆ లోపే చేరాలి. లేదంటే ఏడు పోయినట్టే. ఏడోలో పబ్లిక్ పరీక్ష ఉన్న రోజులు. ఒక ఏడు ఆగిన ఆడపిల్ల మళ్లీ పుస్తకం పట్టడం ఆ దిక్కున నేను చాలా తక్కువగా చూశాను.

"ముత్తయ్యా, ఉంగయ్యను పిలిపించు. నేను మాట్లాడతాను."

"ఏం మాట్లాడతవ్?"

"పాఠం చెప్తాను."

"నువ్వు చెప్పిన పాఠమే గద సారూ గీడికి తెచ్చింది" అన్నాడు. కానీ కబురు పంపాడు.

నీళ్ల మీదుగా ఒక పాఠం

మర్నాడు పొద్దున వాళ్లు వచ్చారు. దాటి రాలేదు. ఆ ఒడ్డునే నిలబడ్డారు. ఉంగయ్య సన్నగా, పొడుగ్గా, భుజాన గొడ్డలితో ఉన్నాడు. వెనక ఆడవాళ్లు. వాళ్ల వెనక జోగమ్మ. ఈ ఒడ్డున నేను, ముత్తయ్య, తడికలు కట్టిన కుర్రవాళ్లు. నడుమ మడుగు. దక్షిణ అమెరికా పటాన్ని ఇద్దరు కుర్రవాళ్లకు అటు కొస ఇటు కొస ఇచ్చి పట్టించాను. గొంతు సవరించుకున్నాను. ఆ రోజు చెప్పినంత గొప్పగా పాఠం నేను ఎప్పుడూ చెప్పలేదు. ఇది నిజం, దీన్ని తగ్గించను.

పెరూ, బొలీవియా, నడుమ సరస్సు, దాని మీద గీత. గీత పటంలో ఉంది, నీళ్లలో తడిక లేదు. నీళ్లు తగ్గినా పెరిగినా రెండు దేశాలకూ తగ్గేదీ పెరిగేదీ కలిసే. అందుకని కలిసి కూర్చొని చూసుకుంటారు. ఇదంతా నీళ్ల మీదుగా అరిచి చెప్పాను.

ఉంగయ్య విన్నాడు. "నువ్వు చూసినవా?"

"చూశాను."

"ఒక ఒడ్డోళ్లు రోజు పెట్టకముందే దిగితే, గాడ ఏం జేస్తరు?"

నాకు తెలియదు. పుస్తకంలో అది లేదు. "మాట్లాడుకుంటారు" అన్నాను.

"మాట్లాడుకున్నంక?"

నేను పటం వైపు చూశాను. పటం సాయం చేయలేదు. అప్పుడు వెనక నుంచి ఒక సన్నని గొంతు వచ్చింది.

"సారూ, ఓడల పోయిన అన్నవ్ గద."

"అవునమ్మా."

"బొలీవియాకు సముద్రం లేదని నువ్వే చెప్పినవ్. మరి ఓడ యాడ ఆగింది?"

ఎగతాళి కాదు. సెలవులంతా ఆలోచించి ఉంటుంది. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. పెరూలో దిగి బస్సెక్కాను అని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మాట నాలుక కొసకు వచ్చింది కూడా. కానీ నాకు రెండు సంగతులు ఒక్కసారే కనిపించాయి. ఈ పిల్లకు నేను చెప్పిన పాఠం వచ్చింది. ఈ పిల్ల ఇక బడికి రాదు.

"ఎక్కడా ఆగలేదమ్మా. నేను పోలేదు. విశాఖపట్నం దాకా పోయాను. అక్కడ సముద్రం చూసి, కాళ్లు తడుపుకొని తిరిగొచ్చాను."

మా ఒడ్డు కుర్రవాళ్లలో ఒకడు పటం కొస వదిలేశాడు. ఖండం సగానికి వంగింది.

"లామా?" అంది జోగమ్మ.

"బొమ్మలో చూశాను."

"కషాయం పోసిన ముసలమ్మ?"

"మా అమ్మమ్మ. బోనకల్‌లో పోసింది. జ్వరానికి."

ముందు ఆడవాళ్లు నవ్వారు. తరువాత ముత్తయ్య. ఉంగయ్య నవ్వలేదు.

"చెరువు?" అంది జోగమ్మ.

"చెరువు నిజం. రెండు దేశాలు కలిసి చూసుకునేది నిజం. అది నా మాట కాదు, పుస్తకంలో ఉంది."

"గది ఉంటే ఉండనియ్యి." ఉంగయ్య గొడ్డలి దించి ఇసుకలో ఆనించాడు. "ఏడు సముద్రాలు దాటిన అని మా పిల్లలకు చెప్పినవ్. ఎన్నేండ్ల సంది ఉన్నవ్ సారూ గీ బడిల? మా వాగు ఒక్కసారన్న దాటినవా? మా ఊరు ఎట్లుంటదో ఎరికేనా నీకు?"

ఎరుక లేదు. బడి వెనక నిలబడితే వాళ్ల పొయ్యిల పొగ కనిపిస్తుంది. కోడి కూస్తే వినిపిస్తుంది. అన్ని ఏళ్లలో ఒక్కసారి పోలేదు. పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లుల మొహాలు తెలుసు గానీ, ఏ ఇల్లు ఎవరిదో తెలియదు. బొలీవియాలో ఇళ్లు ఎట్లా ఉంటాయో గంటసేపు చెప్పగలను.

"లేదు" అన్నాను.

"నీ గుంజలు నువ్వే పీకు. పీక్కుంట దాటి రా. ఇంటింటికి వచ్చి పిల్లల్ని అడుగు. ఇచ్చేటోళ్లు ఇస్తరు."

దాటడం

చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, బండ కింది లోతు తప్పించుకొని దిగాను. ఈసారి మోయడానికి చెప్పులు కూడా లేవు. మొదటి గుంజ తేలికగా వచ్చింది. రెండోది పీకబోయి వెనక్కి పడ్డాను. నీళ్లు నోట్లోకి పోయాయి.

"బొలీవియా నీళ్లు ఎట్లున్నయ్ సారూ?" అని ఆ ఒడ్డు నుంచి ఒకామె.

"ఉప్పగా లేవు!" అన్నాను. ఈసారి ఉంగయ్య కూడా నవ్వాడు.

ముత్తయ్య తన కుర్రవాళ్ల వైపు తిరిగి అరిచాడు. "సారు ఒక్కడే పీకాల్నారా? తడికలు ఎవడు కట్టిండు? దిగుండ్రి!" వాళ్లు దిగారు. తల ఎత్తకుండా తడికలు విప్పారు. ముత్తయ్య నడుము లోతులో నిలబడి, ఆ ఒడ్డుకు వినబడేటట్టు చెప్పాడు. "బావా, వచ్చే ఏడు ముందుగాల మీరే దిగుండ్రి, మొదటి కుప్పలు మీయే. మీ వాటాలు లేచినంకనే మా వాళ్లు దిగుతరు. నా మాట."

ఉంగయ్య తల ఊపాడు. అంతే. కాగితం లేదు, సంతకం లేదు.

గుంజలన్నీ నేనే పీకానని చాలాకాలం చెప్పుకున్నాను. నేను పీకింది రెండు. ఒక గుంజ మాత్రం ఎవరికీ రాలేదు. తాడుతో కొలిచి, సరిగ్గా నడుమ, గట్టిగా పాతింది అదే. కుర్రవాళ్లు దాన్ని నరుకుతామంటే ముత్తయ్య ఆపాడు. "ఉండనియ్యుండ్రి. నీళ్లు దీని మెడకొస్తే పిల్లల్ని దింపొద్దు. రెండు ఒడ్లకు కనపడ్తది."

అవతల ఇసుక ఎక్కేసరికి జోగమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇంటింటికీ పోయాం. కొందరు జావ పోశారు. కొందరు ఊరికే కూర్చోబెట్టారు. ఒక తల్లి నన్ను గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది. "మళ్ల గీతలు గీస్తవా సారూ?"

"గీస్తానమ్మా. పటంలో గీయకపోతే నా ఉద్యోగం పోతుంది. నీళ్లలో గీయను."

ఆమె లోపలికి పోయి కొడుకు పెట్టె తెచ్చి ఇచ్చింది. ఒకాయన మాత్రం ఒప్పుకోలేదు. అతని పిల్లవాడు ఆ ఏడు రాలేదు. మర్నాడు మిగతా పిల్లలు రేకు పెట్టెలు నెత్తిన పెట్టుకొని ఆ గుంజ పక్క నుంచి దాటారు. చివర్న ఉంగయ్య, జోగమ్మ పెట్టె మోసుకుంటూ. హెడ్‌మాస్టరు గేటు దగ్గర నిలబడి, "ముందు అన్నానికి కూర్చోండమ్మా" అన్నాడు. నా వైపు చూడలేదు. చూడకపోవడం ఆయన మర్యాద. ఆ వారంలోనే వాగు నిండింది.

మళ్లీ అదే ప్రశ్న

కొత్త మాస్టర్లు నన్ను అడుగుతారు, పిల్లలకు గొప్పలు చెప్పొచ్చా అని. చెప్పండి. లామా మీ అంగీ నమలకపోతే బొలీవియా ఎవరికీ గుర్తుండదు. కానీ పిల్ల ప్రశ్న అడిగిన రోజు, అడిగింది అడిగినట్టు జవాబు చెప్పండి. గీతలు కూడా నేర్పండి, పరీక్షకు కావాలి. పాఠం అయ్యాక గుంజలు పీకి ఇంటికి పొండి. అన్నిటికంటే ముందు, కిటికీలోంచి కనిపించే ఊరికి ఒకసారి పోయిరండి. ఖండాలు ఎక్కడికీ పోవు.

ఆ చలికాలం అదే అధికారి మళ్లీ వచ్చాడు. జోగమ్మను గుర్తుపట్టాడు. నవ్వుతూ లేపాడు.

"ఇప్పుడు చెప్పు. మన రాష్ట్రానికి ఉత్తరాన ఏముంది?"

"ఛత్తీస్‌గఢ్ సార్."

"వెరీ గుడ్."

కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"దాంట్ల మా ఇల్లున్నది సార్."

అధికారి కిటికీ దగ్గరికి పోయి వాగు దిక్కు చూశాడు. పొయ్యిల పొగ లేస్తోంది. నీళ్ల నడుమ గుంజ ఒక్కటే కనిపిస్తోంది. తరువాత నా వైపు తిరిగి, ఊరికే, మాట కోసం అడిగాడు.

"మీరెప్పుడైనా అక్కడికి వెళ్లారా మాస్టారూ?"

పిల్లలందరూ తలలు తిప్పి నా నోటి వంకే చూశారు. జోగమ్మ మరీను.

"వెళ్లాను సార్," అన్నాను. "నడిచి."